తారాబాయి, కాటుక, మూడు లీటర్ల క్యాన్

2023 ఫిబ్రవరి 19, ఆదివారం

లారీ వచ్చేసరికి రాత్రి పన్నెండున్నర. శివరాత్రి కదా, ఊళ్లో సగం మంది ఘటిక సిద్ధేశ్వరం పోయారు. మిగిలిన సగం రామాలయం దగ్గర జాగారం చేస్తున్నారు. హారన్ వినపడగానే ఆ సగమంతా మా కల్లంలోకి వచ్చేసింది. "శివరాత్రికి నందులే దిగొచ్చినాయబ్బా" అన్నారెవరో చీకట్లో. వచ్చింది రెండు ఆవులు, ఒక పెయ్యదూడ. జైసల్మేర్ వైపు నుంచి ఐదు రోజుల ప్రయాణం.

దించడానికి మన దగ్గర బల్ల ఏమీ లేదు. నాయన చెప్పిన ఉపాయం ప్రకారం లారీని వెనక్కి నడిపించి పేడదిబ్బకు ఆనించి, డాలా తీశాం. పెద్దావు తాపీగా దిబ్బ మీదికి దిగి, అక్కడే నిలబడి ఇంత ఒంటేలు పోసి, అప్పుడు తలెత్తి జనాన్ని చూసింది. దూడను నేనే ఎత్తి దించాను. రెండోది ఐదు నెలల చూడి. అరగంట బతిమాలితే గానీ దిగలేదు. దాన్ని తొందరపెట్టొద్దని తాత అందరినీ దూరం జరిపాడు.

తాత టార్చిలైటు ముందు కొమ్ముల మీద వేశాడు, తర్వాత గంగడోలు మీద. "ఒంగోలు గాదు గదరా ఇది?"

"కాదు తాతా, థార్‌పార్కర్."

"ఏం పార్కరు?"

ఆ పేరును అవ్వ అక్కడికక్కడే సరిచేసింది. తారాబాయి. రెండోదానికి కంటి చుట్టూ దిద్దినట్టు నల్లటి గీత ఉంది కాబట్టి కాటుక.

బెల్లం కలిపిన నీళ్లు బాగా తాగాయి. వరిగడ్డిని మాత్రం వాసన చూసి వదిలేశాయి.

ఫిబ్రవరి 22

చూడ్డానికొచ్చే ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న. ఒంగోలు జాతి పుట్టిన సీమలో ఉంటూ, తెల్లావు కోసం రాజస్థాన్ దాకా పోవడమేంది? తాత ఇంకో మెట్టు పైకెక్కి, మన నెల్లూరు పేరు పెట్టుకుని బ్రెజిల్లో మందలకు మందలు మేస్తుంటే నువ్వు ఎడారి నుంచి తెచ్చావా అంటాడు. నిజమే, అక్కడ వాళ్లు 'నెలోరే' అంటున్నది మన ఒంగోలు రక్తమే. అయితే వాళ్లు పెంచేది మాంసానికి. ఇక్కడ మనం చూసేది కోడె దుక్కికి ఎట్లా వస్తుంది, బండలాగుడులో ఎంత లాగుతుంది అని. నేను పాలమ్ముకుని బతకాలి.

మా ఊరు కలిగిరికీ కొండాపురానికీ మధ్య మెట్టలో ఉంది. ఎర్రనేల, రెండు బోర్లు. వాటిలో ఒకటి ఏప్రిల్ దాటితే గాలే కక్కుతుంది. డిగ్రీ అయ్యాక నాలుగేళ్ల కిందట ఒక జెర్సీ క్రాసావును కొన్నాను. పేరు రాణి. చలికాలంలో రాణి నిజంగానే రాణి, పూటకు ఆరేడు లీటర్లు. మే నెలలో నోరు తెరుచుకుని రొప్పుతూ గాడి దగ్గరికి కూడా రాదు. ఎండాకాలం మందులకే దాని చలికాలపు లాభం సరిపోతోంది. మా దగ్గర్లోనే చింతలదేవిలో దేశవాళీ జాతుల కోసం పెట్టిన కామధేను కేంద్రం ఉంది. ఈ పిచ్చి నాకు అంటుకున్నది ఆ దారిన పోతూ వస్తూనే. ఎండకు ఓర్చుకునేది, పాలు కూడా ఇచ్చేది ఏదని చదువుతూ పోతే సాహివాల్, గిర్, రాఠీ, థార్‌పార్కర్ కనిపించాయి. గిర్ ధర వినగానే అది పక్కకు పోయింది. చివరికి ఇసుకలో సేవన్ గడ్డి తిని బతికే ఆవు మా మెట్టను పెద్ద కష్టమనుకోదులే అన్న లెక్కతో దీనికి దిగాను. లెక్క తప్పో ఒప్పో చూసుకోవడానికే ఈ డైరీ.

ఒంగోలుకీ దీనికీ తేడా ఎక్కడని అడిగితే ముందు కొమ్ములు చూడమంటాను. ఒంగోలువి పొట్టిగా, మొదట్లో లావుగా ఉంటాయి. వీటివి పక్కలకు సాగి, పైకి వంగి, మొనలు కొంచెం లోపలికి తిరుగుతాయి. మూపురం చిన్నది. గంగడోలు ఒంగోలుకు ఉన్నట్టు మడతలు పడి వేలాడదు. వెంట్రుక తెలుపు, దాని కింద చర్మం నలుపు. తారాబాయి మెడ దగ్గర వెంట్రుకను బొటనవేలితో పక్కకు తోసి చూపిస్తే తాత కాసేపు అట్లాగే చూశాడు. తెల్లటి వెంట్రుక ఎండను వెనక్కి కొడుతుంది, నల్లటి చర్మం మిగిలినదాన్ని లోపలికి పోనివ్వదు. "గొడుగు, గొడుగు కింద ఇంకో గొడుగు" అన్నాడు తాత. ఒప్పుకున్నట్టే అనుకున్నా.

మార్చి 3

అమ్మినాయన రోజుకు పది లీటర్లన్నాడు. మొదటి రోజు రెండు పూటలా కలిపి రెండున్నర. ప్రయాణం బడలికలే అని సర్దిచెప్పుకున్నా. వారమైనా మూడు దాటలేదు. దూడ మూతి పెడితే చేపుతుంది, నేను కూర్చోగానే బిగబట్టేస్తుంది. అమ్మ కూర్చున్నా అంతే. తన్నదు, కదలదు, పాలు మాత్రం పైకి ఎగేసుకుంటుంది.

సంగతి ఫోన్లో దొరికింది. కొనేటప్పుడు తీసిన వీడియోలో ఆ ఇంటావిడ ఆవుకు ఎడమపక్క కూర్చుని పితుకుతోంది. మా ఇంట్లో అందరికీ కుడిపక్క అలవాటు. ఈ సాయంత్రం పక్క మార్చాను. కొట్టంలో అటువైపు గోడ ఉంది కాబట్టి ముందు ఆవును తిప్పి కట్టాల్సొచ్చింది. నాలుగు రొమ్ములూ ఒక్కసారి నిండాయి. పూటకే రెండు లీటర్ల మీద చిల్లర.

మార్చి 20

తార రోజుకు ఆరున్నర దగ్గర నిలబడింది. పది ఎన్నడూ రాదని తేలిపోయింది. ఫ్యాట్ మాత్రం 4.6 పడింది. రాణి పాలు 3.6.

పాలకేంద్రంలో అంతా గేదెపాల లెక్క. ఆవుపాలు ఎంత చిక్కగా ఉన్నా ఆ రేటుకు ఎక్కవు. కలిగిరిలో తొమ్మిది ఇళ్లు మాట్లాడుకున్నా. లీటరు డెబ్బై.

ఏప్రిల్ 14

తార మొన్న 11న ఎదకొచ్చింది. అసలు కథ ఇప్పుడు మొదలైంది.

ఊళ్లో పశువులకు సూది వేసే మా గోపాలమిత్ర అన్న క్యానులో జెర్సీ వీర్యం ఉంది, ఒంగోలుది ఉంది, ముర్రా గేదెలది ఉంది. థార్‌పార్కర్ లేదు. ఎక్కడ కనుక్కున్నా లేదు. జెర్సీ వేయిస్తే పుట్టేది ఇంకో రాణి, దానికి రెండు వేల కిలోమీటర్ల లారీ బాడుగ ఎందుకు? "ఒంగోలు వేద్దామా?" అన్నాడు అన్న. తాత కళ్లు మెరిశాయి. నేను వద్దన్నా. ఆ ఎద ఊరికే పోయింది.

ఈ రోజు నాకంటూ పది థార్‌పార్కర్ స్ట్రాలు, అంటే వీర్యం నింపి గడ్డకట్టించిన సన్నటి పుల్లల్లాంటివి, వచ్చాయి, వేరే రాష్ట్రం నుంచి, సొంత ఖర్చుతో. వాటిని ఉంచడానికి మూడు లీటర్ల నత్రజని క్యాన్ కూడా కొన్నా. లోపల మైనస్ 196 డిగ్రీలు. నెల్లూరులో ద్రవ నత్రజని నింపించుకుని, జీపు అద్దాలన్నీ దించుకుని, కాళ్ల మధ్య పెట్టుకుని వచ్చాను. మూసిన బండిలో అది ఆవిరైతే మనకు ఊపిరందదు. డ్రైవరుకు ఈ మాట చెప్పి తప్పు చేశాను, కలిగిరి దాకా తల బయట పెట్టుకునే నడిపాడు.

మే 2

సిగ్గు పడాల్సిందే అయినా రాసుకోవాలి.

తార ఇరవై ఒక్క రోజులకు సరిగ్గా ఈ పొద్దున ఎదకొచ్చింది. వెనక నుంచి జిగట తీగ అద్దంలా జారుతోంది. పొద్దున చూస్తే సాయంత్రం వేయించాలి, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున. నాలుగింటికి అన్న వచ్చాడు. ఒక గ్లాసులో గోరువెచ్చటి నీళ్లు పెట్టాడు, థర్మామీటరుతో 37 డిగ్రీలు సరిచూశాడు. స్ట్రాను అందులో ముప్పై సెకన్లు ఉంచాలి. నేను క్యాన్ మూత తీశాను. పొగ రాలేదు.

అన్న నా మొహం చూసి, ఏమీ అనకుండా పొడవాటి చెక్క బద్ద తెమ్మన్నాడు. అడుగుదాకా దించి, కొంచెం ఆగి, పైకి తీసి గాల్లో ఊపాడు. నత్రజని ఎంత ఎత్తున ఉంటే బద్ద మీద అంత ఎత్తున తెల్లటి మంచు పడుతుంది. బద్ద మామూలు బద్దలాగే ఉంది. స్ట్రాలు చేత్తో పట్టుకుంటే మెత్తగా, చెమట పట్టి ఉన్నాయి. పది పోయాయి.

క్యాన్ తప్పేమీ లేదు, నాదే. ఊళ్లోకి చుట్టాలెవరొచ్చినా మా ఇంటికి తీసుకురావడం, "అబ్బయా, ఆ పొగ చూపించు" అనడం. నేను మూత తీసి, స్ట్రాలున్న గొట్టం కొంచెం పైకెత్తి చూపించడం. పిల్లలైతే బడి వదలగానే వరసలో నిలబడేవాళ్లు. ఒకరోజు బంతిపువ్వు ముంచి పెంకులాగా పగలగొట్టి చూపించా, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల ఖరీదు పది స్ట్రాలు, ఒక ఎద. పైగా క్యాన్ పెట్టింది రేకుల కింద, ఇంజను గదిలో.

నాయన ఒక్క మాటా అనలేదు. అన్నం తినేటప్పుడు కూడా.

మే 21

ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం రెండింటికి కొట్టంలో పావుగంట కూర్చుని రాసుకున్నది ఇది. రాణి నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, జొల్లు కారుస్తోంది. పక్కటెముకల కదలిక లెక్కపెడితే నిమిషానికి ఎనభై దాటింది. గోనెపట్టా తడిపి వేశాం, ఫ్యాను తిప్పాం. తార అదే కప్పు కింద పడుకుని నెమరేస్తోంది. దాని లెక్క ముప్పై రెండు. కాటుక తొమ్మిదో నెలలో కూడా పదకొండు దాకా బయట కంచెలో మేసొచ్చింది.

పాలు: రాణి రోజుకు పదమూడు నుంచి ఏడున్నరకు పడింది. తార ఆరున్నర నుంచి ఐదున్నర. నేను వీటిని తెచ్చుకున్నది ఎండకు ఇట్లా ఒక్క లీటరే పడుతుందనే. జనవరిలో ఈ లెక్క తీస్తే రాణే గెలుస్తుంది. ఆ సంగతి నాకూ తెలుసు, నాయన మర్చిపోనివ్వడు కూడా.

జూన్ 24

కాటుక ఈనింది. కోడెదూడ. ఎవరినీ పిలవాల్సిన పని లేకుండా తెల్లవారుజామున దానంతటదే ఈనేసింది. నేను లేచేసరికి దూడను నాకుతోంది. గంటలోపే ముర్రుపాలు తాపించాం. ఐదు గంటలకు మాయ పడింది. జున్ను మొత్తం అవ్వ వీధికంతా పంచింది, మాకు ఒక్క గిన్నె మిగిలింది.

జులై 12

వానల్లేవు. జొన్న మోకాలెత్తున వాడిపోయి నిలబడింది. నాయన కోసుకొచ్చి గాట్లో వేయబోతుంటే తాత మంచం మీద నుంచే అరిచాడు. బెట్టకొచ్చిన పిల్లజొన్న విషం. పూత రాకముందు, అందులోనూ నీళ్లు లేక వాడినప్పుడు, దాంట్లో సైనైడ్ పేరుకుంటుంది. పశువు తిన్న కాసేపటికే కొట్టుకుంటూ పడిపోతుంది. మోపంతా ఎత్తి బయట పారేశాం. రాజస్థాన్ ఆవు గురించి నేను చదివింది అంతా ఇంతా కాదు, మా చేలో మొక్క గురించి తాతే చెప్పాల్సొచ్చింది.

దశరథ గడ్డి, సుబాబుల్ కొమ్మలతో నెట్టుకొస్తున్నా. సుబాబుల్ మేతలో మూడో వంతు దాటనివ్వను, ఎక్కువైతే వెంట్రుక రాలుతుంది.

ఆగస్టు 15

రెండో విడత స్ట్రాలు గత నెల వచ్చాయి. క్యాన్ ఇప్పుడు అవ్వ గదిలో, బియ్యం బస్తాల వెనక, నీడలో ఉంది. మూతకు తాళం. తాళంచెవి అమ్మ కొంగుకు. సోమవారం, గురువారం బద్దతో కొలిచి గోడ మీద బొగ్గుతో రాస్తున్నాం. చుట్టాలకు పొగ చూపించడం బంద్.

పొద్దున తార ఎద. జెండా పండగ కాబట్టి అన్న బళ్లో ఉన్నాడు. మిఠాయి పంచేదాకా ఆగి, సాయంత్రం ఐదింటికి పట్టుకొచ్చా. మూత తీస్తే తెల్లటి పొగ అంచు మీదుగా పొర్లి నేల మీద పాకింది. నాయన కూడా వంగి చూశాడు.

డిసెంబర్ 7

మిచౌంగ్ తుఫాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు అంతకు రెండు రోజుల ముందు నుంచే వాన. ఇసుకలో పుట్టిన ఆవులకు బురద అంటే ఏమిటో ఇప్పుడే తెలిసింది. కొట్టంలో గిట్ట మునిగేంత నీళ్లు నిలబడ్డాయి. తార గాడి పక్కన ఎత్తు మీద నాలుగు కాళ్లూ దగ్గరికి పెట్టుకుని రాత్రంతా నిలబడే ఉంది, పడుకోలేదు. కాటుక ఓర్చుకోలేక బురదలోనే పడుకుంది.

నిన్న పొద్దున కాటుక వెనక కుడి రొమ్ము రాయిలాగా ఉంది. చెయ్యి వేస్తే కాలుతోంది. మొదటి నాలుగు ధారలు నల్లగుడ్డ మీద పితికితే పెరుగు తరకలు కనపడ్డాయి. పొదుగువాపు. పశువుల డాక్టరు గారు ఫోనులోనే, ఆ రొమ్మును గంట గంటకూ ఖాళీ చెయ్యమన్నారు, మధ్యాహ్నానికి వచ్చి మందు ఎక్కించారు. మందు నడిచినన్నాళ్లూ, ఆపాక ఆయన చెప్పిన గడువు దాకా, నాలుగు రొమ్ముల పాలూ పారబోయాల్సిందే. మంచి రొమ్ముల పాలు అమ్ముకోవచ్చు గదా అని అడిగేవాళ్లుంటారు, అందుకే రాస్తున్నా. మందు నెత్తుట్లో కలిసి అన్నిట్లోకీ వస్తుంది.

తొమ్మిది ఇళ్లలో నాలుగిళ్లకు పాలు ఎగ్గొట్టాను. ఒకావిడ, "నిజం చెప్పినావు గాబట్టి తర్వాత కూడా నీ దగ్గరే పోయించుకుంటాలే" అంది. ఇంకో ఇల్లు పోయింది.

2024 జనవరి 30

కాటుకకు ఈ రోజు స్ట్రా వేయించాం, ఇది మూడోసారి. రెండుసార్లు కడుపు నిలవక పొర్లింది. వాచిన ఆ రొమ్ము బాగైంది గానీ పాలు సగమే. సంక్రాంతికి ముందే కొట్టంలో అడుగెత్తు గ్రావెల్ తోలించి, వెనక్కి వాలు పెట్టించాం. మొదటి రోజే చేయాల్సిన పని. కొమ్ములూ చర్మమూ చదివినవాణ్ని, వచ్చేది నెల్లూరుకనీ, ఇక్కడ వాన కార్తీకంలో కుమ్ముతుందనీ ఆలోచించలేదు.

మే 24

తార ఈనింది. పెయ్య.

ఆగస్టు 15 నుంచి లెక్కేస్తే 283 రోజులు. మా కొట్టంలో కడుపు నిలిచి, మా కొట్టంలోనే పుట్టిన మొదటి థార్‌పార్కర్. ఇంతకుముందువన్నీ డబ్బిచ్చి తెచ్చుకున్నవీ, వస్తూ వస్తూ కడుపులో తెచ్చుకున్నదీ. అమ్మ తాళంచెవి కొంగు విప్పి దూడ మెడలో ఒక్క నిమిషం కట్టి తీసేసింది. ఎందుకో చెప్పలేదు.

జులై 8

కాటుక కోడెకు ఏడాది దాటింది. పక్కూరి రైతు విత్తులు కొట్టించి దుక్కికి తోలుకుంటానని రెండుసార్లు వచ్చాడు. మంచి ధరే. పాలరైతుకు కోడెదూడ ఖర్చే, అమ్మేయాలనే మొదట అనుకున్నా. కానీ ఆబోతుగా పెంచితే ఈ చుట్టుపక్కల ఈ జాతికి క్యాన్ అక్కర్లేని దారి అదొక్కటే. అట్లాగని కాటుక మీద వదలకూడదు, తల్లి. తార మీద వదలొచ్చా అంటే, రెండూ ఒకే ఊళ్లో కొన్నవి, రెండింటి తండ్రీ ఒకటే కావచ్చు. అమ్మినాయన్ని ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. మా వాటికి తప్ప అందరి ఆవులకూ పనికొచ్చే ఆబోతుకు నేను మూడేళ్లు మేత పెట్టాలి.

తాత మాత్రం రోజూ దాని ముంగాళ్లు తడిమి చూసి, "ఎముక గట్టిదే" అంటున్నాడు. ప్రస్తుతానికి ఉంచాను.

ఆగస్టు 27

కలిగిరి షాపాయన సీసాలకు 'ఎ2' (పాలలో ఒక రకం ప్రొటీన్ పేరు) స్టిక్కరు వేయిస్తే లీటరు నూటయాభైకి తానే అమ్మిపెడతానన్నాడు. ఈ నెల 21న ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ మాటలు పాల ప్యాకెట్ల మీద నుంచి తీసేయమంది, ఐదు రోజులకే ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. మనకిక అడ్డేముంది అంటాడు. మన దేశవాళీ ఆవుపాలు దాదాపుగా ఎ2నే, నిజమే. గేదెపాలూ అంతే. మరి ఎదురింటి గేదెపాలు అంతకన్నా తక్కువకు అమ్ముతుంటే నా సీసా మీద అదేదో మహత్తులాగా ఎట్లా రాయను? వద్దన్నా. షాపాయనకు కోపం వచ్చింది, నాయనక్కూడా కొంచెం వచ్చింది.

అక్టోబర్ 5

కాటుకను గత నెలే వట్టిపెట్టాం. నవంబర్ 8 దగ్గర ఈనాలి. సరిగ్గా వానల్లో. గ్రావెల్ ఎట్లా ఉందో అప్పుడు తేలుతుంది. రాణిని వేసవికి ముందే అమ్మేశాను, చల్లటి షెడ్డు ఉన్నవాళ్లకు. తార ఏడు లీటర్లిస్తోంది, ఇళ్లు పదకొండయ్యాయి.

పొద్దున ఆరింటికి తార అరుపు. వెనక్కి పోయి చూస్తే తీగ జారుతోంది. సాయంత్రానికి రమ్మని అన్నకు ఫోన్ చేశా. క్యానులో రెండు స్ట్రాలే మిగిలున్నాయి, కొత్తవి ఇంకా రాలేదు.

నేను చెప్పకముందే నాయన అవ్వ గదిలోంచి బద్ద పట్టుకుని బయటికొచ్చాడు. వెలుతురులో పట్టి, మంచు గీతను గోటితో కొలిచి, "జానకు తక్కువుంది. రేపు నెల్లూరు పోవాల" అని గోడ మీద బొగ్గుతో రాశాడు.